మా బాబు గోలీ నేను వేసుకోవచ్చా?

ప్రశ్న: నమస్తే మేడం. నా వయసు 34. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణంలో పదేండ్ల నుంచి లెక్కలు రాస్తున్న. మా బాబుకు తొమ్మిదేండ్లు. బడిలో కుదురుగ కూర్చుంటలేడని చూపిస్తే ఏడీహెచ్‌డీ (నిలకడ, ఏకాగ్రత కుదరని సమస్య) అన్నరు. ఆరు నెలల నుంచి మిథైల్‌ఫెనిడేట్ గోలీ వాడుతున్నం. డాక్టర్ బాబు గురించి అడుగుతుంటే అన్నీ నా గురించే అడుగుతున్నట్టు అనిపించింది. తక్‌పట్టీల (రైతు సరుకు లెక్క రాసే చీటీల) 43 బస్తాలకు 34 అని రాసిన రోజులున్నయి. తాళాలు, ఫోను, బండి కాగితాలు ఎప్పుడూ వెతుకుడే. సేటు ఒక మాట చెప్తుంటే సగంలనే మనసు ఎటో పోతది. మొన్న మిర్చి సీజన్ల ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండ బాబు గోలీ ఒకటి వేసుకున్న. ఆ సాయంత్రం లెక్క మొదటిసారికే పైసతో సహా కలిసింది. మా నాన్న 46 ఏండ్లకే గుండెపోటుతో పోయిండు, అమ్మ పరకాల దగ్గర ఊర్లె ఉంటది. నేను కూడ మందు వాడితే ఎట్లుంటదని మా ఆవిడను అడిగితే, అవి పిచ్చి మందులు, అలవాటైతయి అన్నది. దోస్తు ఒకాయన ఆన్‌లైన్ డాక్టర్‌తోని మాట్లాడితే చాలు, ఇంటికే పంపుతరు అంటున్నడు. దుబాయ్‌ల ఉన్న మా బావ వచ్చే ఏడు రమ్మంటున్నడు. ఈ గోలీ రోజూ వేసుకోవచ్చా? సేటుకు చెప్పాల్నా?
– పేరు వద్దు, వరంగల్

జవాబు: తమ్ముడూ, ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన మాటను మీరు మధ్యలో ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. మీ నాన్న 46 ఏళ్లకే గుండెపోటుతో పోయారన్న మాట. మిగతావన్నీ పక్కనబెట్టి నేను అక్కణ్నుంచే మొదలుపెడతాను.

మిథైల్‌ఫెనిడేట్ నాడి వేగాన్నీ బీపీనీ కొంచెం పెంచుతుంది. ఎక్కువమందికి ఆ కొంచెంతో ఏ ఇబ్బందీ రాదు. కానీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెజబ్బుతో పోయారని తెలిస్తే చీటీ మీద పెన్ను పెట్టేముందు మా సైకియాట్రిస్టులం ఆగుతాం. బీపీ, నాడి చూస్తాం, ఈసీజీ తీయిస్తాం, అనుమానం వస్తే గుండె డాక్టర్ దగ్గరికి పంపుతాం. మీరు ఇవేవీ లేకుండా, అదీ సీజన్ మధ్యలో, సరిగ్గా నిద్రలేని పొద్దున, బహుశా రెండు ఛాయ్‌ల మీద ఆ గోలీ వేసుకున్నారు. ఏమీ కాలేదు, సంతోషం. మళ్లీ ముట్టుకోకండి. ఇంకొకటి. బాబుకు ఈ మందు మొదలుపెట్టినప్పుడు తాత సంగతి ఆ డాక్టర్‌కు చెప్పారా? చెప్పకపోతే వచ్చే నెల దాకా ఆగకుండా ఫోన్ చేసైనా చెప్పండి.

మీకు మందే వద్దని నేననడం లేదు. బాబు గోలీ వద్దంటున్నాను. ఆ రెండూ ఒకటి కాదు.

పదేళ్లుగా రెండుసార్లు, మూడుసార్లు కూడితే గానీ కలవని లెక్క ఒక్కసారికే కలిసిన సాయంత్రం మీకు ఎట్లా అనిపించి ఉంటుందో ఊహించగలను. అయినా ఆ ఒక్క రోజు మీకు ఏడీహెచ్‌డీ ఉన్నట్టు రుజువు కాదు. ఈ మందు ఏ తేడా లేనివాళ్లకూ నిద్రమత్తు వదిలిస్తుంది, చేతిలో ఉన్న పని మీద ఆసక్తి పుట్టిస్తుంది. చీకట్లో టార్చి వేస్తే కళ్లు బాగున్నవాడికి కూడా దారి బాగానే కనబడుతుంది కదా. టార్చితో కళ్లను పరీక్షించలేం.

మరి ఎట్లా తేలుస్తారు? రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. ఎవరైనా అవి చేసి ఏడీహెచ్‌డీ తేలుస్తామంటే పైసలు మిగుల్చుకుని బయటికి రండి. దీన్ని మాటల్లోంచి, పాత సంగతుల్లోంచి పట్టుకోవాలి. మేం అనుసరించే డీఎస్‌ఎం-5 (మానసిక జబ్బులను తేల్చే పద్ధతుల పుస్తకం, 2013) ప్రకారం పెద్దవాళ్లలో ఏకాగ్రతకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో గానీ, నిలకడలేనితనం, తొందరపాటుకు సంబంధించిన మరో తొమ్మిదింటిలో గానీ కనీసం ఐదు ఉండాలి. ఆరు నెలలకు పైగా ఉండాలి. ఒక్క దుకాణంలోనే కాదు, ఇంట్లోనో దోస్తుల మధ్యనో కూడా కనబడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కొన్ని లక్షణాలైనా 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి. ముప్పై నాలుగేళ్ల మనిషికి కొత్తగా ఊడిపడే జబ్బు కాదిది. నెట్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఆరు ప్రశ్నల పట్టీ ఒకటి తిరుగుతుంటుంది. అది డాక్టర్ దగ్గరికి వెళ్లాలా వద్దా అని తెలుసుకోవడానికే గాని, గోలీ వేసుకోవడానికి కాదు.

అందుకే పెద్దవాళ్లెవరైనా ఈ అనుమానంతో వస్తే నేను మొదట అడిగేది, అమ్మ ఉందా, వస్తుందా అని. కొన్నేళ్ల కింద నలభై దాటిన ఒక మోటార్ మెకానిక్ వచ్చాడు. చిన్నప్పుడు ఎట్లా ఉండేవాడివంటే, మంచిగనే ఉంటుంటి మేడం అన్నాడు. అబద్ధం కాదు, ఆయనకు నిజంగానే గుర్తులేదు. వారం తర్వాత తల్లిని తీసుకొచ్చాడు. ఆమె కొంగు సర్దుకుని, ‘ఏం చెప్పాలె బిడ్డా, బడికి రెండు చెప్పులేసుకొని పోయి ఒక్క చెప్పుతోని ఇంటికొస్తుండె. రెండోది ఏదిరా అంటే, ఏ చెప్పు అనేటోడు’ అంది. ఆయన తలొంచుకుని కాళ్లకేసి చూసుకున్నాడు. ఆ రోజు కూడా ఒక కాలికి సాక్సు ఉంది, ఇంకో కాలికి లేదు. ముగ్గురం నవ్వాం. నేను గంటసేపు అడగాల్సింది ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది.

మీ బాబుకు ఉండడం కూడా ఒక ఆధారమే. ఇది ఎత్తులాగా రక్తంలో బలంగా వచ్చే గుణం. బిడ్డను చూపించడానికి వచ్చి, కుర్చీలో కూర్చుని తమను తాము గుర్తుపట్టే తండ్రులను, తల్లులను నేను చాలామందిని చూశాను. ఆధారం అన్నానే గాని తీర్పు అనలేదు.

ఇక్కడ మీరు ఇంకొకటి గమనించాలి. ఈ 43, 34 తారుమారు ఏడాది పొడుగునా జరుగుతుందా, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకానేనా? యార్డులో బస్తాల మధ్య నడవడానికి సందు లేని రోజుల్లో, తెల్లారకముందే వెళ్లి రాత్రికి చేరేవాడికి అంకెలు తారుమారు కావడం వింత కాదు. వానాకాలంలో, సరుకు తక్కువగా వచ్చే రోజుల్లో కూడా అట్లాగే ఉంటే సంగతి వేరు. రాత్రి గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా? మీకు తెలియదు, మీ ఆవిడను అడగండి. థైరాయిడ్, రక్తహీనత, బీ12 తక్కువ కావడం, దిగులు, ఆందోళన, ఇవన్నీ ఏడీహెచ్‌డీ వేషం వేసుకుని వస్తాయి. కల్లు అలవాటుంటే అది కూడా డాక్టర్‌కు దాచకండి. మన దిక్కు కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రాజోలం అనే మత్తుమందు మనిషి జ్ఞాపకాన్ని, చురుకుదనాన్ని మెల్లగా తినేస్తుంది. నా దగ్గరికి మతిమరుపు అని వచ్చినవాళ్లలో కొందరి జబ్బు ఊరి బయట కల్లు కాంపౌండులో దొరికింది.

మీ ఆవిడ అలవాటు అనే మాటకు అంత భయపడేది కూడా అందుకేనేమో. కల్లు దొరకని రోజు చేతులు వణకడం, ఫిట్స్ రావడం, ఏదేదో మాట్లాడడం మన ఊళ్లలో చూడనివాళ్లు తక్కువ. ఆమె భయాన్ని తీసిపారేయకండి. కానీ ఒక్క మాట అడగండి. బాబుకు రోజూ పొద్దున ఆ గోలీ ఇచ్చేది బహుశా ఆవిడే కదా? కొడుక్కి మందైంది మొగుడికి పిచ్చి మందు ఎట్లా అయింది?

నిజం ఏంటంటే, మిథైల్‌ఫెనిడేట్‌ను దుర్వినియోగం చేసేవాళ్లున్నారు. పొడి చేసి పీల్చేవాళ్లు, చెప్పినదానికి రెట్టింపు మింగేవాళ్లు, పరీక్షల ముందు నిద్ర మానడానికి వాడేవాళ్లు. వాళ్లకు అది అలవాటవుతుంది, గుండెకూ మనసుకూ చేటు చేస్తుంది. జబ్బు సరిగ్గా తేలినవాళ్లు, డాక్టర్ రాసిన మోతాదులో, నోటితో వేసుకుంటే అట్లాంటి వ్యసనం రావడం అరుదు. ఆల్ప్రాజోలం లాగా ఒక రోజు మానేస్తే వణుకు పుట్టదు. పాత మీరే తిరిగొస్తారు, అంతే. అందుకే మీ ఇంట్లో ఎవరికైనా వ్యసనాల చరిత్ర ఉంటే, మీకు ఎప్పుడైనా మనసు పట్టు తప్పి లేనిపోనివి వినబడడం, కనబడడం, రోజుల తరబడి నిద్ర లేకుండా హుషారుగా తిరగడం లాంటివి జరిగి ఉంటే ముందే చెప్పాలి. అప్పుడు దారి మారుతుంది.

ఇది కొత్తగా వచ్చిన మందేమో అనుకుంటారు చాలామంది. 1944లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ రసాయన శాస్త్రవేత్త లియాండ్రో పానిజోన్ దీన్ని తయారుచేశాడు. ఆయన భార్య మార్గరీట్ దీన్ని వేసుకుని టెన్నిస్ ఆడేదట. ఆమెను ఇంట్లో రీటా అని పిలిచేవారు, ఈ మందుకు రిటాలిన్ అనే బ్రాండు పేరు అట్లా వచ్చింది. మనిషి పేరు పెట్టుకున్న మందు కాబట్టి కాస్త మర్యాదగా చూడాలని నేను నవ్వులాటకు అంటుంటాను.

మెదడు కణాల మధ్య డోపమిన్, నారెడ్రినలిన్ అనే రసాయనాలు విడుదలై, వెంటనే వెనక్కి పీల్చుకోబడుతుంటాయి. ఈ మందు ఆ వెనక్కి పీల్చుకోవడాన్ని అడ్డుకుంటుంది, అవి కాసేపు ఎక్కువ నిలుస్తాయి. మామూలు గోలీ అరగంట, గంటలో మొదలై మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది. మెల్లగా కరిగే రకం పొద్దంతా వస్తుంది. దాన్ని నమలకూడదు, విరగ్గొట్టకూడదు. రెండో మందు అటొమాక్సెటిన్. అది మిథైల్‌ఫెనిడేట్ లాగా ఉత్తేజపరిచే (స్టిమ్యులెంట్) రకం కాదు, వేసుకున్న రోజే తేడా తెలియదు, నాలుగైదు వారాలు ఓపిక పట్టాలి. వ్యసనం భయం ఉన్నవాళ్లకు అది మేలు. అయితే అది కూడా బీపీని, నాడిని కొంచెం పెంచేదే, కాబట్టి నాన్న సంగతి దానికీ వర్తిస్తుంది. అమెరికా వీడియోల్లో చెప్పే యాంఫెటమిన్ మందులు మన మెడికల్ షాపుల్లో ఉండవు, వాటికోసం వెతకకండి.

డాక్టర్ చూసి, ఈసీజీ బాగుండి, మందు మొదలుపెట్టారనుకుందాం. తక్కువ మోతాదుతో మొదలై వారాల మీద కొంచెం కొంచెం పెంచుతారు. పెంచినప్పుడల్లా బీపీ, నాడి, బరువు చూడాలి. మార్కెట్లో మీకు మొదట తెలిసేది ఆకలి పోవడం. మధ్యాహ్నం సద్ది డబ్బా మూత తీయాలనిపించదు. అందుకే పొద్దున కడుపునిండా తిని వేసుకోవాలి, సాయంత్రం మందు దిగాక ఆకలి తిరిగొస్తుంది, అప్పుడు మళ్లీ తినాలి. నోరు ఎండిపోతుంది, మన ఏప్రిల్ ఎండల్లో నీళ్ల సీసా పక్కనే ఉండాలి. గంటకో ఛాయ్ మీద ఈ గోలీ పడితే గుండె దడ, చేతుల వణుకు. ఛాయ్ రెండుకు దించండి. మధ్యాహ్నం దాటి ఆలస్యంగా వేసుకుంటే రాత్రి నిద్ర రాదు. మందు దిగే వేళ కొందరికి చిరాకు వస్తుంది. ఆ చిరాకు దుకాణంలో కాదు, ఇంట్లో తేలుతుంది. అందుకే రెండోసారి డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు మీ ఆవిడను వెంట తీసుకెళ్లండి, మీకంటే సరిగ్గా చెప్పేది ఆమే. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, మరీ గుండె దడ వస్తే ఆపి వెంటనే దవాఖానకు పోవాలి.

ఈ మందు మీ లెక్క రాయదు. పని మొదలుపెట్టడాన్ని, మధ్యలో వదలకుండా ఉండడాన్ని సులువు చేస్తుంది. ఆ నాలుగు గంటల్లో మీరు వాట్సాప్ ముందు కూర్చుంటే వాట్సాప్‌నే గొప్ప ఏకాగ్రతతో చూస్తారు, నేను చాలాసార్లు చూశాను. గోలీ పనిచేసే వేళకు అంకెల పని పెట్టుకోండి, ఫోను డ్రాయర్‌లో పెట్టండి. కాంటా దగ్గర తూకం వేసే దడ్వాయి చెప్పిన అంకె వినగానే మనసులో కాదు, పైకి అనండి: నలభై మూడు. రాస్తూ మళ్లీ అనండి. రాశాక రైతుకు చదివి వినిపించండి. రైతు తన బస్తాల లెక్క మీకంటే గట్టిగా గుర్తుపెట్టుకుంటాడు, మీ తప్పును అక్కడే పట్టేస్తాడు. ఇది మందు లేకుండా రేపటి నుంచే చేయొచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

జీవితాంతం వాడాలా అని మీరు అడగలేదు కాని అడుగుతారు. కొందరు ఏళ్ల తరబడి వాడతారు, కొందరు పని పద్ధతులు కుదిరాక మానేస్తారు. ఏడాదికోసారి డాక్టర్‌తో కూర్చుని, ఇంకా కావాలా అని తేల్చుకోవాలి.

ఇక దోస్తు చెప్పిన ఆన్‌లైన్ డాక్టర్ మాట. మిథైల్‌ఫెనిడేట్ డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ ఎక్స్ (గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితా) కిందికి వస్తుంది, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం జాబితాలోనూ ఉంది. చీటీ రెండు ప్రతులు ఉండాలి, ఒకటి మెడికల్ షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. వాళ్లకు దానికి వేరే లైసెన్సు కావాలి, అందుకే ప్రతి షాపులో దొరకదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం ఇట్లాంటి మందును ఫోన్లో, వీడియోలో చూసి రాయకూడదు. ఇంటికే పంపుతామన్నవాడు నియమం తప్పుతున్నాడు, పంపే సరుకు ఏదో దేవుడికెరుక. ఎదురుగా కూర్చోబెట్టి చూసే సైకియాట్రిస్ట్ కావాలి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ దవాఖానలో మానసిక వైద్య విభాగం ఉంది, హనుమకొండలో ప్రైవేటువాళ్లం ఉన్నాం. సైకాలజిస్టులు మాటలతో, పద్ధతులతో చాలా సాయం చేస్తారు, కానీ మందు రాయలేరు. మీ ఆవిడ ఎవరితోనైనా తెలుగులో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వం నడిపే మానసిక సలహాల ఫోన్ లైను టెలిమానస్ 14416 ఉంది, ఉచితం.

దుబాయ్ సంగతి బావకు ముందే చెప్పండి. అక్కడ ఇట్లాంటి మందులు నియంత్రిత జాబితాలో ఉంటాయి. ముందుగా అక్కడి ప్రభుత్వ అనుమతి తీసుకుని, చీటీ వెంట పెట్టుకుని పోవాలి. తెలియక బ్యాగులో వేసుకుపోతే ఎయిర్‌పోర్టులోనే ఇబ్బంది.

సేటుకు చెప్పాలా? అక్కర్లేదు. మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకు ఇచ్చింది. జబ్బు పేరు చెప్పకుండానే మీకు కావలసింది అడగొచ్చు: ‘సేటూ, పదకొండు దాకా నన్ను ఫోన్లకు పిలవకుండ్రి, లెక్క అప్పుడే రాస్త.’ లెక్క కలిస్తే చాలనుకునే సేటు ఎందుకని అడగడు.

సేటుకు అక్కర్లేదు గాని, ఇంట్లో చెప్పాలి. బాబు గోలీల షీటులో ఒకటి తక్కువ ఉంది. దొరకడమే కష్టమైన మందు, లెక్కపెట్టి ఇచ్చే మందు. నెలాఖరుకు ఒక రోజు గోలీ లేదని తెలిసినప్పుడు, పిల్లవాడే ఎక్కడో పడేశాడని వాడిమీదికి పోతుంది. అట్లాంటి పిల్లల మీదికి ఏదైనా సులువుగా పోతుంది, మీకు తెలియంది కాదు. ఈ రాత్రికే మీ ఆవిడకు చెప్పండి.

ఆ తర్వాత అమ్మకు ఫోన్ చేయండి. సీజన్ అయిపోయాక అని కాదు, ఇప్పుడే. రెండో తరగతిలో ఎన్ని పలకలు పోగొట్టారో అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. పాత మార్కుల మెమోలు ఊళ్లో పెట్టెలో ఉన్నాయేమో చూడమనండి. వాటిని, నాన్న దవాఖాన కాగితాలు ఏమైనా మిగిలి ఉంటే వాటిని ఒక సంచిలో వేసి, ఆ సంచి బస్సులో మరిచిపోకుండా తనే పట్టుకుని రమ్మనండి.